జింక్ ఇంప్లాంట్లకు బలం ఒక్కటే చూస్తే చాలదు

శరీరంలోనే మెల్లగా కరిగి పోయే ఎముక స్క్రూల కోసం జింక్‌లో మెగ్నీషియం కలుపుతున్నాం, బలం చాలట్లేదు, శాతం ఇంకా పెంచితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. కొన్నేళ్లుగా ల్యాబ్‌లో ఇవే మిశ్రమ లోహాలు పోతపోసి, ఎక్స్‌ట్రూజన్ చేసి (అంటే అచ్చు రంధ్రంలోంచి ఒత్తిడితో నెట్టి కడ్డీలుగా చేసి), లాగి పరీక్షిస్తున్నాను, ఆ అనుభవంతో చెప్తున్నాను.

ఘనరూపంలో జింక్ తనలో ఇముడ్చుకోగల మెగ్నీషియం బరువులో సుమారు 0.15 శాతమే. ఆపైన వేసిందంతా గ్రెయిన్ల (లోహంలోని చిన్న చిన్న స్ఫటికాల) అంచుల్లో పెళుసు సమ్మేళనంగా చేరుతుంది, గట్టిదనం వస్తుంది కానీ లాగగానే పుటుక్కున తెగుతుంది. నేనైతే మెగ్నీషియాన్ని అర శాతం దాటనివ్వను, మిగతా బలాన్ని వేడి ఎక్స్‌ట్రూజన్‌తో రాబడతాను. ఇంకా కావాలంటే లిథియం చూడండి. పెకింగ్ యూనివర్సిటీ వాళ్లు 2020లో ఒక శాతం కన్నా తక్కువ లిథియంతోనే బలాన్ని 500 మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే యూనిట్) దాటించారు. కాకపోతే కరిగిన లిథియం గాలి తగిలితే మండిపోవచ్చు, ఆర్గాన్ వాయువులో కరిగించాలి, పోతపోశాక అందులో నిజంగా ఎంత మిగిలిందో కొలవాలి.

అసలు సమస్య వేరే ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. జింక్ 419.5 డిగ్రీలకే కరుగుతుంది, అంటే కెల్విన్ లెక్కలో (మైనస్ 273 డిగ్రీల్ని సున్నాగా తీసుకునే కొలతలో) మన ఒంటి వేడి దాని కరిగే వేడిలో 45 శాతం. ఇనుముకి 540 డిగ్రీల వేడి ఎలాంటిదో, జింక్‌కి 37 డిగ్రీలు అలాంటివి! అందుకే ఎముక బరువు మోస్తూ నెలల తరబడి ఉండాల్సిన స్క్రూ, టెస్ట్‌లో విరగని లోడ్‌కే నెమ్మదిగా సాగిపోవచ్చు. గ్రెయిన్లు సన్నబడితే బలం పెరుగుతుందన్న మామూలు సూత్రం కూడా ఇక్కడ ప్రతిసారీ పనిచేస్తుందని చెప్పలేం, మరీ సన్నబడితే నెమ్మదిగా లాగినప్పుడు గ్రెయిన్లు ఒకదాని మీద ఒకటి జారి లోహం మెత్తబడుతుంది.

మేం ఒకే కడ్డీలోంచి తీసిన ముక్కల్ని వేరే వేరే వేగాలతో లాగితే బలం బాగా తేడా వచ్చింది, నెమ్మదిగా లాగినవే బలహీనం. షెల్ఫ్‌లో నెలలు ఉన్న కడ్డీల్లో బలం కాస్త పెరిగి, సాగే గుణం పడిపోయింది. ఆలోచించండి, ఇంప్లాంట్ తయారైన రోజే రోగికి వేయరు కదా, పెట్టెలో ఉంటుంది, పైగా ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో) పెడితే 121 డిగ్రీలు తగులుతుంది, జింక్‌కి అది చిన్న వేడి కాదు. కాబట్టి తయారైన వెంటనే ఒకసారి, నిల్వ ఉంచాక ఒకసారి, స్టెరిలైజ్ చేశాక ఒకసారి టెన్సైల్ టెస్ట్ (లాగి చూసే పరీక్ష) చేయండి, 37 డిగ్రీల దగ్గర క్రీప్ టెస్ట్ (ఒకే బరువు కింద మెల్లగా ఎంత సాగుతుందో చూసే పరీక్ష) మాత్రం అస్సలు వదలొద్దు.

ఒంట్లో కరిగిపోయే వేగం గురించి అంత టెన్షన్ వద్దు, జింక్ మెగ్నీషియంలా హైడ్రోజన్ బుడగలు కక్కదు, ఇనుములా ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోదు, జింక్‌ని ఎంచుకోవడానికి కారణమే అది.

మీ ఎక్స్‌ట్రూజన్ ఉష్ణోగ్రత, టెస్ట్ వేగం ఎంతో రాయండి, అవి తెలిస్తే బలం ఎక్కడ పోతోందో ఇంకాస్త కచ్చితంగా చెప్పొచ్చు.