నెట్ జీరో అని చెప్పుకునే కంపెనీ తెరవెనక ఏం చేస్తోందో ఎలా తెలుస్తుంది?

మీ దగ్గర షేర్లున్న కంపెనీ నెట్ జీరో (నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తేవడం) తన లక్ష్యం అంటూనే, పరిశ్రమ సంఘాల ద్వారా వాతావరణ నిబంధనలకు అడ్డుపడుతోందేమోనని అడిగారు కదా. వార్షిక నివేదికలో బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) తెరిచి, ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేయడం గురించి చెప్పే ప్రిన్సిపుల్ 7కి వెళ్లండి. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఈ నివేదికను 2022-23 నుంచి తప్పనిసరి చేసింది.

అక్కడ కంపెనీకి సభ్యత్వం ఉన్న సంఘాల సంఖ్య, మొదటి 10 పేర్లు ఉంటాయి. కింద ఇంకో పట్టిక: ఏ విధానం కోసం, ఏ పద్ధతిలో ప్రభుత్వాన్ని కోరారు, బోర్డు ఎన్నాళ్లకోసారి సమీక్షిస్తుంది అని. అసలు సంగతి ఇందులోనే ఉంటుంది, కానీ ఇది ఐచ్ఛికం. "వర్తించదు" అని రాసి వదిలేసినా తప్పు పట్టలేం. సెబీ ముందు సరిచేయాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

పేర్లు దొరికాక ఇన్‌ఫ్లుయెన్స్‌మ్యాప్ సైట్‌లో వెతకండి. వాతావరణ విధానంపై కంపెనీలకూ సంఘాలకూ గ్రేడ్లు ఇస్తుంది.

తర్వాత ఏజీఎం, అంటే వాటాదారుల వార్షిక సమావేశం. నోటీసులో చెప్పిన గడువులోగా స్పీకర్‌గా నమోదు చేసుకుని సూటిగా అడగండి: "సంఘం వైఖరి మన లక్ష్యానికి విరుద్ధమైతే బయటికి వస్తారా?" కుదరదంటే చమురు కంపెనీ షెల్ సంగతి చెప్పండి. వాతావరణంపై విభేదాల వల్లే అమెరికా రిఫైనరీల సంఘం ఏఎఫ్‌పీఎం నుంచి తప్పుకుంటామని 2019లో ప్రకటించింది.