నాలుగు ఆటలు చూసి రాయబోతున్న మేనల్లుడికి

చిన్నా,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు మీ యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ విద్యార్థుల పత్రిక డైలీ టెక్సన్‌లో, అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ లాంగ్‌హార్న్స్ గురించి రాయబోతున్నావట, మొదటి వ్యాసమే ఈ 2025 సీజన్‌లో ఇప్పటిదాకా జరిగిన నాలుగు ఆటల మీదట. "ఎం.ఎస్. చదవమని పంపిస్తే ఫుట్‌బాల్ మీద రాస్తాడేంటి, దగ్గర్లో ఉన్నావు, నువ్వైనా చెప్పు" అని వదిన బాధపడింది. చెప్తానని మాటిచ్చాను. అందుకే ఈ ఉత్తరం.

మాట ఇచ్చాను కాబట్టి ముందు అది చెప్పేస్తాను: చదువు పాడుచేసుకోకు. ఇక నా మనసులో మాట. 1900 నుంచి వస్తున్న పత్రికలో మనింటి పిల్లాడి పేరు అచ్చవుతుందంటే నాకు నిద్ర పట్టలేదు. మీ మావయ్య "నిజమేనా, నిజమేనా" అని రెండుసార్లు అడిగి, పొద్దున్నే ఆఫీసులో అందరికీ చెప్పేశాడు.

నీకు తెలిసినవే అయినా చెప్పకపోతే నాకు తోచదు. ఆట చూసిన రాత్రే వ్యాసం పంపించకు. పేర్ల స్పెల్లింగులు, స్కోర్లు రెండుసార్లు సరిచూసుకో. సెప్టెంబర్ ఎండ ఆస్టిన్‌లో మన వైశాఖం ఎండే, స్టేడియంకి వెళ్తే టోపీ పెట్టుకో, నీళ్లు తాగు. కింద కామెంట్లు చదవకు.

ఇప్పుడు అసలు సంగతి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మీ నాయనమ్మ అనేది. ఈ ఆటకి ఆ లెక్క పనికిరాదు. సెప్టెంబర్‌లో దొరికే మెతుకు కొన్నిసార్లు నిజం చెబుతుంది, కొన్నిసార్లు నిలువునా ముంచుతుంది.

నిజం చెప్పిన సంవత్సరం నేను చూశాను. 2005లో మీ మావయ్య ఇంకా స్టూడెంటే. సెప్టెంబర్ 10 రాత్రి మన టీమ్ కొలంబస్ వెళ్లి ఒహాయో స్టేట్‌ని 25-22తో ఓడించింది. చివరి మూడు నిమిషాల్లో, బంతి విసిరి ఆట నడిపే మన క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ వేసిన బంతిని లిమాస్ స్వీడ్ ఎండ్‌జోన్‌లో పట్టుకున్నప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న తెలుగు కుర్రాళ్లంతా సోఫా ఎక్కి గంతులేశారు. అప్పటికి నాకు ఫోర్త్ డౌన్ అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియదు. పది గజాలు వెళ్లడానికి నాలుగు అవకాశాలుంటాయని ఎవరో ఓపిగ్గా చెప్తుంటే ఉప్మా తిప్పుతూ విన్నాను. ఆ ఏడు ఒక్క ఆట కూడా ఓడలేదు. జనవరి 4న రోజ్ బౌల్‌లో యు.ఎస్.సి. మీద 41-38తో గెలిచి ఛాంపియన్లయ్యారు. చివరి 19 సెకన్లు మిగిలుండగా యంగ్ కుడివైపు మూలకి పరిగెత్తాడే, అది ఇప్పటికీ టీవీలో వస్తే పొయ్యి ఆపి వచ్చి చూస్తాను.

ముంచిన సంవత్సరం 2016. దీని గురించి నీకు కొంచెం ఎక్కువే చెప్పాలి.

సెప్టెంబర్ 4, ఆదివారం. మన మీద ఆడుతున్న నోత్ర్‌డామ్ టీమ్ దేశంలో పదో ర్యాంకులో ఉంది. మన టీమ్‌కి ర్యాంకే లేదు. చార్లీ స్ట్రాంగ్ కోచ్‌గా మూడో ఏడు, అంతకుముందు రెండేళ్లూ గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. స్టేడియంలో 1,02,315 మంది ఉన్నారు, అప్పటికి అదే రికార్డు. మేమూ పైవరసలో ఉన్నాం. షేన్ బుషెల్ అనే ఫ్రెష్‌మన్ కుర్రాడు అనుభవమున్న వాడిలా బంతులు వేస్తున్నాడు. నాలుగో క్వార్టర్లో మనం రెండు పాయింట్లు ముందుకు వెళ్లామో లేదో, ఆ తర్వాత ఇంకో పాయింటు కోసం తన్నే ఎక్స్‌ట్రా పాయింట్ కిక్‌ని నోత్ర్‌డామ్ వాళ్లు అడ్డుకుని, అటు చివరిదాకా పట్టుకెళ్లి రెండు పాయింట్లు తీసుకుని 37-37 చేశారు. గెలుస్తామనుకున్న ఆట ఓవర్‌టైమ్‌కి, అక్కణ్నుంచి రెండో ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. చివరికి టైరోన్ స్వూప్స్ గాల్లోకి దూకి గీత దాటాడు. 50-47. టీవీలో కామెంటేటర్ జో టెస్సిటోర్ "టెక్సస్ తిరిగొచ్చేసింది" అని అరిచాడు. ఆ మాట పట్టుకుని ఊరంతా ఊగిపోయింది.

చిన్నా, ఆ రాత్రి చేసిన తప్పేమిటో విను. ఆస్టిన్‌లో పెద్దపెద్ద అనుభవజ్ఞుల దగ్గర్నుంచి మన రౌండ్ రాక్ తెలుగు వాట్సాప్ గ్రూపుల దాకా అందరూ 50 వైపే చూశారు. 47 వైపు ఎవరూ చూడలేదు. మన డిఫెన్స్ గెలిచిన ఆటలోనే అన్ని పాయింట్లు ఇచ్చుకుంటే, ఓడే ఆటలో ఎన్ని ఇస్తుందని ఎవరూ అడగలేదు. జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది. కాలిఫోర్నియా వెళ్తే 50 పాయింట్లు ఇచ్చి ఓడారు. ఆ తర్వాత ఓక్లహోమా స్టేట్ 49 కొట్టింది, డాలస్‌లో ఓక్లహోమా 45 కొట్టింది. నవంబర్‌లో కాన్సస్ మీద కూడా ఓవర్‌టైమ్‌లో 24-21తో ఓడిపోయారు. అంతకుముందు కాన్సస్ చేతిలో ఓడింది 1938లో! డి'ఓంటా ఫోర్‌మన్ అనే కుర్రాడు ఆ సీజన్‌లో రెండు వేల గజాలకి పైగా పరిగెత్తాడు. అలాంటివాడుండీ టీమ్ 5-7తో, అంటే ఐదు గెలిచి ఏడు ఓడి, ముగించింది, స్ట్రాంగ్ ఉద్యోగం పోయింది. ఇంకోటి. ఏ నోత్ర్‌డామ్‌ని ఓడించామని పండగ చేసుకున్నామో, ఆ టీమ్ ఆ ఏడు గెలిచింది నాలుగే ఆటలు. పదో ర్యాంకు అనేది ఆగస్టులో ఎవరో వేసిన అంచనా తప్ప, ఆ టీమ్ బలం కాదన్నమాట.

అందుకని సెప్టెంబర్ ఆట గురించి రాసేటప్పుడు ముందు రెండు ప్రశ్నలు వేసుకో. ఎవరి మీద ఆడారు? గెలిచిన రోజు కూడా సరిగ్గా చేయలేకపోయిందేమిటి? ఓడిన రోజున దీన్నే తిరగేసి అడుగు. 2018లో మొదటి ఆటే మేరీలాండ్‌కి 34-29తో పోగొట్టుకుంటే ఇక్కడ కొందరు సీజన్ టికెట్లు అమ్మేసుకున్నారు. అదే టీమ్ డాలస్‌లో ఓక్లహోమాని, షుగర్ బౌల్‌లో జార్జియాని ఓడించి పది ఆటలు గెలిచింది.

ఇప్పుడు ఈ సీజన్. చరిత్రలో మొదటిసారి, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ సీజన్‌కి ముందు వేసే ర్యాంకుల లిస్టులో మన టీమ్‌ని నంబర్ వన్ చేశారు. అది మొదలు నాకు ఒకటే టెన్షన్. ఆగస్టు 30న కొలంబస్‌లో ఒహాయో స్టేట్ మీద 14-7తో ఓడిపోగానే అందరూ మన కొత్త క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ మీద పడ్డారు. నిజమే, ఆ కుర్రాడి బంతులు కొన్ని నేలకి తగిలాయి, కొన్ని మనిషి వెనక్కి వెళ్లాయి. కానీ చూడు, ఛాంపియన్ టీమ్‌ని వాళ్ల సొంత గడ్డ మీద మన డిఫెన్స్ 203 గజాలకి కట్టేసింది. మనవాళ్లు 336 గజాలు నడిచారు. ఆట పోయింది ఫోర్త్ డౌన్‌ల దగ్గర, ఐదుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారే దాటారు. గీతకి ఒక్క గజం దూరంలో కూడా ముందుకు తొయ్యలేకపోయారు. అది ఒక్క క్వార్టర్‌బ్యాక్ సమస్య కాదు నాన్నా. నిరుడు క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడ్డ లైన్‌లోని ఐదుగురిలో నలుగురు వెళ్లిపోయారు. కెల్విన్ బ్యాంక్స్ లాంటివాడు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లాక ఆ చోటు ఒక్క వేసవిలో నిండుతుందా?

తర్వాత శాన్ హోసే స్టేట్ మీద 38-7. యూటెప్ (ఎల్ పాసో యూనివర్సిటీ టీమ్) మీద 27-10, అది గెలిచామని చెప్పుకోవడానికి నాకే ఇబ్బందిగా అనిపించిన ఆట. మొన్న సామ్ హ్యూస్టన్ మీద 55-0. మ్యానింగ్ 21 వేస్తే 18 అందాయి, 309 గజాలు. నీకు నచ్చిన ఆట ఇదేనని మీ అమ్మ మాటల్ని బట్టి అర్థమైంది. నాకూ కడుపు నిండింది. అయినా ఈ 55-0 మీద నీ వ్యాసం నిలబెట్టకు. సామ్ హ్యూస్టన్ కుర్రాళ్లు మన లైన్‌ని పరీక్షించగల బలగం కాదు. నా లెక్క అడిగితే డిఫెన్స్ నిజం, దాన్ని ధైర్యంగా రాసేయ్. లైన్ ఇంకా తేలలేదు. ఫ్లోరిడా టీమ్ సొంత ఊరు గేన్స్‌విల్‌లో అక్టోబర్ 4న తేలుతుంది. ఫ్లోరిడా 1-3 మీద ఉందని తేలిగ్గా రాయకు. మయామీ, ఎల్.ఎస్.యు. లాంటి టీమ్‌లతో ఆడి ఓడినవాళ్లు వాళ్లు. వాళ్ల డిఫెన్స్ లైన్ బరువైనది, ఆ స్టేడియం గోలలో కొత్త లైన్‌కి స్నాప్ కౌంట్, అంటే బంతి ఎప్పుడు కదపాలో క్వార్టర్‌బ్యాక్ అరిచే లెక్క, కూడా వినపడదు. మ్యానింగ్ చేతుల్ని కాదు, అతనికి ఎన్ని సెకన్లు దొరుకుతున్నాయో చూడు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి ఒకటుంది.

యూటెప్ ఆటలో మ్యానింగ్ వేసిన బంతులు వరసగా పది వృథా అయ్యాయి. అప్పుడు మన స్టేడియంలో మనవాళ్లే అతన్ని వెక్కిరిస్తూ అరిచారు. 21 ఏళ్ల పిల్లాడు. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ముగ్గురూ పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లే, ఆ ఇంటిపేరు మోస్తూ రెండేళ్లు అప్పటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ వెనక ఓపిగ్గా కూర్చున్నాడు. వేరే కాలేజీకి వెళ్లిపోయి మొదటి ఏడే ఆడుకోవచ్చు, ఈ రోజుల్లో అందరూ చేసేది అదే. వెళ్లలేదు. కోట్ల డబ్బు వస్తోంది కదా, మాట పడాల్సిందే అంటారు. డబ్బు వచ్చినంత మాత్రాన వయసు పెరుగుతుందా?

మీ నాన్న నీకీ సంగతి చెప్పి ఉండడు. కాకినాడలో చదివే రోజుల్లో కాలేజీ వాలీబాల్ టీమ్‌లో అన్నయ్య ఉండేవాడు. పొడుగ్గా ఉండేవాడు కదా, నెట్ దగ్గర లేచాడంటే చూడాలి. ఒక ఫైనల్లో చివరి సర్వీస్ నెట్‌కి కొట్టాడు. మైకులో కామెంటరీ చెప్తున్న పెద్దమనిషి దాని మీద ఒక జోకు వేశాడు, జనం నవ్వారు. అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ జోకు కాలేజీలో, బస్టాండులో, మా వీధిలో ఏడాది పాటు తిరిగింది. అంతకుముందు టోర్నమెంట్ అంతా అన్నయ్యే గెలిపించాడని చెప్పినవాడు ఒక్కడూ లేడు. మళ్లీ ఆడలేదు. నీ చిన్నప్పుడు మేడ మీద నీతో బంతాట ఆడుతుంటే చూసి నేను లోపలికి వెళ్లి ఏడ్చాను. అలా లేచేవాడు, ఇరవై ఏళ్లకే ఆపేశాడు.

కాబట్టి విను. ఆటని తప్పు పట్టు. "మూడో క్వార్టర్లో వేసిన ఆ బంతి తప్పు, కుడివైపు మనిషి ఖాళీగా ఉన్నాడు" అని రాయి, అది నీ పని. "ఇతని వల్ల కాదు" అని రాయకు. నీ క్లాసులో పక్క బెంచీలో కూర్చునే పిల్లలు వాళ్లు, రేపు లైబ్రరీలో ఎదురుపడతారు. కోచ్ సార్కీషియన్‌ని ఎంతైనా అడుగు. ఆయన పెద్దవాడు, మొదటి ఏడు 5-7తో ముగించి కూడా నిలదొక్కుకున్నవాడు. గీత దగ్గర ఆ ఎత్తు ఎందుకు వేశావని అడగడానికి భయపడకు. పిల్లల దగ్గర మాత్రం చెయ్యి తేలిక చేసుకో.

అక్టోబర్ 11న ఓక్లహోమా ఆటకి డాలస్ వెళ్తావు కదా. కాటన్ బౌల్ చూడాల్సిన చోటే. స్టేట్ ఫెయిర్ మధ్యలో స్టేడియం, సరిగ్గా యాభై గజాల గీత దగ్గర సగం మంది ఆరెంజ్, సగం మంది ఎరుపు. అక్కడ నోట్స్ రాసుకోవడం మర్చిపోయి ఆట చూస్తే నేనేం అనను. కానీ ఆ రాత్రే బయల్దేరి ఐ-35 మీద ఆస్టిన్ రావడానికి వీల్లేదు. గెలిచినా సరే, ఓడినా సరే, ఫ్రెండ్సు ఎంత చెప్పినా సరే. ఆ రోడ్డు మీద రాత్రిపూట ట్రక్కుల మధ్య, నిద్రమత్తులో నడిపే స్టూడెంట్ల మధ్య నువ్వున్నావనుకుంటేనే నా కాళ్లు చల్లబడతాయి. ఇర్వింగ్‌లో మీ మావయ్య స్నేహితుడి ఇల్లుంది, మాట్లాడాను, ఎంతమంది వచ్చినా పడుకోవచ్చన్నారు. పొద్దున టిఫిన్ తిని రండి. దీనికి ఎదురు చెప్పావంటే మీ నాన్నకి ఫోన్ చేస్తాను.

ఈ వారం ఆట లేదు కాబట్టి నీకు టైముంది. రాసింది అచ్చుకి ఇచ్చే ముందు నాకు పంపు. ఇంగ్లీషు దిద్దడం నాకు రాదు, ఫోర్త్ డౌన్ లెక్కలు మాత్రం ఎక్కడ తప్పినా పట్టుకుంటాను. శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చేయ్, ఒహాయో స్టేట్ ఆట రికార్డు చేసి ఉంచాను. లైన్ మీదే కన్నేసి మళ్లీ చూద్దాం. గుత్తివంకాయ చేస్తాను. మీ అమ్మకి నేను సర్దిచెప్తాలే.

మీ అత్తయ్య
రౌండ్ రాక్