ల్యాబ్ టెక్నీషియన్ కావాలంటే

ప్రశ్న: బెంగళూరులో ఉంటున్నాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. ల్యాబ్ టెక్నీషియన్ కావడానికి డిప్లొమా చాలునా, డిగ్రీ చదివించాలా?

జవాబు: త్వరగా ఉద్యోగంలో చేరవలసిన అవసరం ఉంటే డిప్లొమా చాలు గాని, వీలుంటే బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలలో బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చదివించమనే నా సలహా. ఫీజు కట్టే ముందు, ఆ కళాశాల విద్యార్థులకు రోజూ నమూనాలు వచ్చే ఆసుపత్రి ల్యాబ్‌లో శిక్షణ ఉందో లేదో మీరే వెళ్లి చూడండి, ఎందుకంటే ఇది చేత్తో చేసి నేర్చుకోవలసిన పని. సిరంజిలోని రక్తాన్ని ట్యూబులోకి బలంగా నెడితే ఎర్రకణాలు పగిలి పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టనివ్వని మందు ఉండే ఊదారంగు మూత ట్యూబును, రక్తం నింపిన వెంటనే మెల్లగా 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయకపోతే రక్తం గడ్డకట్టి కణాల లెక్క తప్పుతుంది. డాక్టరు మందు రాసేది ఆ అంకెలను చూసే. అన్నట్టు, రోగులతో మాట్లాడేందుకు కన్నడం కూడా నేర్చుకోమనండి.