రొయ్యల కౌంట్‌లో అర ఎక్కడికి పోయింది?

"మాది భీమవరం దగ్గర పల్లె. బీటెక్ రెండో ఏడు. నాన్న చెరువు పట్టుబడి లెక్కలకి సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. రెండు కిలోలకి 67 రొయ్యలు తూగాయి. కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో ఆ లెక్క, 33.5 రావాలి, 33 అంటోంది. జవాబుకి ఫ్లోట్ (దశాంశాలు పట్టే రకం) అని పెట్టినా అంతే. కంప్యూటర్‌కి లెక్కలు రావా సార్?"

వస్తాయండీ. మీరు అడిగింది మూడో తరగతి భాగహారం, అది చెప్పిందీ మూడో తరగతి జవాబే. భాగఫలం 33, శేషం 1. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే సీ శేషాన్ని పారేస్తుంది. మీ ఫ్లోట్‌లోకి చేరేసరికే ఆ అర పోయింది. 67 / 2.0 అని రాయండి, కిలోలు గడిలోంచి తీసుకుంటుంటే ఆ గడిని దశాంశ రకంగా పెట్టండి. కౌంట్ తగ్గితే ధర పెరుగుతుంది కాబట్టి ఈ తప్పు మీ నాన్నగారికి లాభమే, కొనేవాళ్లు ఊరుకోవాలిగా!

డబ్బుని మాత్రం ఫ్లోట్‌లో పెట్టకండి. మన పద్ధతిలో మూడో వంతు 0.333 అంటూ తెగనట్టే, కంప్యూటర్ వాడే 0, 1 అనే రెండంకెల పద్ధతిలో పదో వంతు తెగదు. అందుకే ఫ్లోట్‌కి పెద్దన్న డబుల్‌లో కూడా 0.1, 0.2 కలిపి అంకెలన్నీ చూపిస్తే 0.30000000000000004 వస్తుంది. డబ్బుని పైసల్లో, పూర్ణాంకంగా దాచండి. అయితే 32 బిట్ల ఇంట్‌లో (సీలో పూర్ణాంకాల రకం) పట్టేది 2,14,74,83,647 పైసలే, అంటే రెండు కోట్ల పద్నాలుగు లక్షల చిల్లర రూపాయలు. పెద్ద వ్యాపారి పద్దు దాన్ని దాటేస్తుంది. 64 బిట్లు తీసుకోండి.

నాకు టెన్షన్ పెట్టేది ఇదేమీ కాదు. కిలోల గడిలో మైనస్ 5 కొడితే మీ ప్రోగ్రాం ఏం చేస్తుంది? కిమ్మనకుండా తీసుకుంటుంది. రొయ్యల మేత అమ్మే యాప్ కూడా ఇలాగే ఉందనుకోండి. ఒకే ధర ఉన్న రెండు రకాల్లో ఒకటి పది బస్తాలు, రెండోది మైనస్ తొమ్మిది బస్తాలు కొట్టినవాడు ఒక్క బస్తా డబ్బుతో పది ఎత్తుకుపోతాడు. వాడు చేసింది కూడికే. ఫోన్ తెర మీద మైనస్ నొక్కనివ్వకపోతే చాలనుకుంటారు. ఫోన్ పంపే అంకెని దారిలో మార్చొచ్చు, అందుకని సర్వర్ దగ్గర మళ్లీ చూడాల్సిందే.

బీజగణితంలో "ఎక్స్ ఒక ధన పూర్ణసంఖ్య అనుకొనుము" అని రాయించేవారు. ఏ అంకెలు చెల్లుతాయో చెప్పేది ఆ లైనే, మార్కులు లేవని వదిలేసేవాళ్లం. ల్యాబ్ రికార్డుల్లో ఇప్పుడు అసలు కనిపించదు. మొన్న చేపల మార్కెట్లో ఖాళీ క్రేటు బరువు తీసేసిన కాటా మీంచి క్రేటు ఎత్తగానే బిల్లు మెషిన్ మైనస్ 1.8 కిలోలకి రేటు కట్టి చీటీ అచ్చేసింది. ఆ మెషిన్ తయారుచేసినవాళ్లు ఒక్కసారైనా క్రేటు ఎత్తి చూశారా?

మీరు కిలోలని దశాంశాల్లోకి మార్చాక, ఆ గడిలో సున్నా పడితే ప్రోగ్రాం ఆగదు, "ఇన్ఫ్" (అనంతం) అని చూపిస్తుంది. అదీ సరిచేసి మళ్లీ రాయండి.