“అయిపోయింది” అంటే ఏం అయిపోయింది?

హన్మకొండ

తమ్మీ,

కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ టూల్‌కు నువ్వు రాసిన షార్ట్‌కట్లు చూసిన. కమాండ్లు బాగనే ఉన్నయి, అవి చెప్పే మాటలే బాగలేవు. అన్నిటి చివర “అయిపోయింది” అని ఒక్కటే రాసినవు. కాజీపేట స్టేషన్ల మైకు “రైలు వస్తంది” అని ఊరుకుంటదా? నంబరు, ఎటు పోయేది, ఏ ప్లాట్‌ఫారమో చెప్తది. నీ మెసేజ్ గూడ గట్లనే ఉండాలె: “లాగిన్ బ్రాంచ్ నుంచి 3 కమిట్లు ఆరిజిన్‌కు పోయినయి.” (బ్రాంచ్ అంటే ఒక పని దారి, కమిట్ అంటే గిట్‌ల సేవ్ చేసిన మార్పు, ఆరిజిన్ అంటే రిమోట్, అంటే సర్వర్ మీద ఉన్న కాపీ.)

ముందుగాల అబద్ధం బంద్ జెయ్. పుష్‌కు (కమిట్లను రిమోట్‌కు పంపే కమాండ్), ఎకోకు (మెసేజ్ చూపే కమాండ్) నడుమ సెమికోలన్ పెట్టినవు. పుష్ ఫెయిలైనా ఎకో నడుస్తది. అక్కడ && పెడితే పుష్ సున్నా ఎగ్జిట్ కోడ్ (కమాండ్ సరిగ్గ అయిందని చెప్పే నంబరు) ఇచ్చినప్పుడే ఎకో వస్తది. పుష్ ఫెయిలైతే చూపే మెసేజ్‌ను ఎర్రర్ అవుట్‌పుట్‌కు పంపి, ఎగ్జిట్ 1 (ఫెయిల్ అని గుర్తు) తోటి ముగించు. లేకపోతె ఎకో ఇచ్చే సున్నానే బయటికి పోతది.

అట్లని ఎగ్జిట్ కోడ్‌నొక్కటే నమ్మినా మునుగుతవు. నీ సింక్ షార్ట్‌కట్‌ల స్టాష్ (కమిట్ కాని మార్పులను పక్కన దాచేది), పుల్ (రిమోట్ మార్పులను తెచ్చి కలిపేది), స్టాష్ పాప్ (దాచినవాటిని తిరిగి పెట్టేది) వరుసగ ఉన్నయి. దాచేందుకు మార్పులు లేకున్నా గిట్ స్టాష్ సున్నానే ఇస్తది. ఇగ ఆఖరి పాప్, ఎన్నడో దాచిన పాత స్టాష్‌ను తెచ్చి ఫైళ్ల మీద పోస్తది. పైనుంచి నీ “అయిపోయింది” ఒకటి! గిట్ స్టేటస్ (మార్పుల లిస్ట్) ఖాళీగ ఉన్నదా అని చూసుడు గూడ సరిపోదు. ట్రాక్ కాని (గిట్‌కు ఇంకా చేర్చని) ఫైళ్లు అండ్ల కనిపిస్తయి గని, మామూలు స్టాష్ వాటిని ముట్టదు. స్టాష్‌కు ముందు, తర్వాత రెఫ్స్/స్టాష్ (ఆఖర్న దాచిన స్టాష్‌ను చూపే గుర్తు) హ్యాష్ (దాని ఐడీ) చూడు. మారితేనే పాప్ జెయ్. అసలైతె పుల్‌కు రీబేస్ (నీ కమిట్లను కొత్తగ వచ్చినవాటి పైన పేర్చేది), ఆటోస్టాష్ (తనే దాచి తనే తిరిగి పెట్టేది) ఆప్షన్లు ఇస్తే ఈ లొల్లే ఉండది. పాప్‌ల కాన్‌ఫ్లిక్ట్ (మార్పులు ఒకదానికొకటి అడ్డం పడుడు) వస్తే “స్టాష్ పోలేదు, లిస్ట్‌లనే ఉన్నది” అని తప్పక చెప్పు. మనిషి భయపడేది ఆడనే.

“రిమోట్‌తో సమానం” అన్న మాట గూడ మార్చు. గిట్ ఆ లెక్కను చివరిసారి ఫెచ్ (రిమోట్ సమాచారం తెచ్చుకునుడు) చేసినప్పటిది చూసి చెప్తది. ఫెచ్ జెయ్యకపోతె “చివరి ఫెచ్ నాటికి” అని కలుపు. పాత కమిట్ మీద నిలబడ్డప్పుడు బ్రాంచ్ పేరు ఖాళీగ వస్తది, మెసేజ్‌ల బొక్క పడ్డట్టు ఉంటది. అక్కడ పొట్టి హ్యాష్ చూపెట్టు. స్క్రిప్ట్ చదివేటందుకు మామూలు స్టేటస్ వద్దు, పోర్సలేన్ (స్క్రిప్ట్‌ల కోసం మారని రూపంల ఇచ్చే) ఆప్షన్ వాడు. రంగులు మాత్రం మెసేజ్ టెర్మినల్‌ల కనిపించేటప్పుడే వాడు.

పుష్ ఆగితే కారణం నువ్వు ఊహించి రాయకు. గిట్ చెప్పిన ఎర్రర్‌ను దాచకుండ అట్లనే ఉంచి, కింద ఒక్క లైన్ కలుపు: “పుష్ కాలేదు, నీ కమిట్లు లోకల్‌ల భద్రంగ ఉన్నయి.” ఫోర్స్ పుష్ (రిమోట్‌ల ఉన్నదాన్ని తుడిచి పంపుడు) కొట్టుమని మాత్రం ఏ మెసేజ్‌లనూ సలహా ఇయ్యకు.

టీమ్‌కు ఇచ్చేముందు ఉత్త రిపో (గిట్ చూసుకునే ఫోల్డర్) ఒకటి పెట్టుకొని నాలుగు తీర్ల నడుపు: మార్పులేం లేకుండ, ట్రాక్ కాని ఫైలు ఒక్కటే ఉంచి, నెట్ బంద్ జేసి, పాత కమిట్‌ను చెకౌట్ జేసి (తెరిచి). పాత స్టాష్ ఒకటి ముందే దాచిపెట్టి మొదలువెట్టు.

మీ అన్న