వన్‌టౌన్ అద్దె ఇళ్ళు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విజయవాడ పాతపట్నానికి సంబంధించినవే. ఇంద్రకీలాద్రికి, కృష్ణకు, రైలు పట్టాలకు మధ్య ఇరుక్కున్న వన్‌టౌన్ పక్కకు విస్తరించే వీలు లేక కొండ మీదికి, మేడల మీదికి పెరిగింది. ఒకప్పుడు ఒకే కుటుంబం కాపురమున్న స్థలంలో ఇప్పుడు నాలుగైదు పోర్షన్లు ఉంటున్నాయి కాబట్టి, గొడవలు కూడా అద్దె దగ్గరకంటే నీళ్ళు, కరెంటు, మెట్లు, గేటు దగ్గరే ఎక్కువగా పుడుతున్నాయి.

ప్రశ్న: మేముండే ఇంట్లో నాలుగు పోర్షన్లకూ కలిపి ఒకటే కరెంటు మీటరు ఉంది. ఓనరుగారు ఒక్కొక్కరికీ సబ్ మీటరు పెట్టించి యూనిట్‌కు 9 రూపాయల చొప్పున వసూలు చేస్తున్నారు. అడిగితే ‘బిల్లే అంత వస్తోందమ్మా’ అంటున్నారు. ఇది న్యాయమేనా? నీళ్ళ మోటారు ఖర్చు కూడా విడిగా అడుగుతున్నారు.
— ఒక పాఠకురాలు, కొత్తపేట

సమాధానం: మీ ఓనరుగారి మాటలో కొంత నిజం ఉంది, కొంత లేదు. గృహ వినియోగానికి 2022లో నిర్ణయించిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75 రూపాయలు. వాడకం పెరిగేకొద్దీ ధర మెట్లెక్కుతుంది. నెలకు 100 యూనిట్లు వాడే కుటుంబానికి సొంత మీటరు ఉంటే ఈ లెక్కన కరెంటు చార్జీ 304.50 రూపాయలు అవుతుంది. అలాంటి నాలుగు కుటుంబాలు ఒకే మీటరు కిందికి వస్తే మొత్తం 400 యూనిట్లకు 2,548 రూపాయల పైచిలుకు, అంటే ఇంటికి 637 రూపాయలు పడుతుంది. ఎవరూ అదనంగా ఒక్క బల్బు వెలిగించకుండానే ఖర్చు రెట్టింపు దాటిపోయింది.

అయితే ఆ 637 రూపాయలను 100 యూనిట్లకు పంచితే యూనిట్ 6.37 రూపాయలే అవుతుంది గాని 9 కాదు. స్థిర చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు వీటికి తోడవుతాయి కాబట్టి అసలు లెక్క బిల్లు చూస్తేనే తేలుతుంది. సర్వీసు నంబరు తెలిస్తే ఆ నెల బిల్లు మొత్తాన్ని ఫోన్‌లోనే చూసుకోవచ్చు. మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి, వచ్చిన ధరకే అందరూ కట్టే పద్ధతికి ఓనరుగారిని ఒప్పించండి. మోటారు, మెట్ల లైటు కూడా అదే మీటరు మీద నడుస్తుంటే, ప్రధాన మీటరు రీడింగుకూ సబ్ మీటర్లన్నిటి మొత్తానికీ మధ్య తేడాయే ఆ ఉమ్మడి వాడకం. దాన్ని నాలుగు వాటాలు వేసుకుంటే సరిపోతుంది. బిల్లు చూపించకుండా మోటారు పేరు చెప్పి విడిగా డబ్బు అడగడం మాత్రం ఒకే ఖర్చును రెండుసార్లు వసూలు చేయడమే కావచ్చు. శాశ్వత పరిష్కారం పోర్షన్‌కొక సర్వీసు తీసుకోవడమే. అందుకు ఓనరుగారు ఒప్పుకోవాలి, ఖర్చులో కొంత మీరు భరిస్తామంటే ఆయన కాదనకపోవచ్చు. ఏడాదికి పైగా ఉండదలచుకుంటే ఆ డబ్బు మీకు తిరిగి వచ్చినట్టే.

ఇంకొక్క మాట. కార్పొరేషన్ కుళాయి నీళ్ళు వచ్చే వేళకు కింది పోర్షన్‌వాళ్ళు గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగేస్తే పైవాళ్ళకు చుక్క ఎక్కదు. అలా బిగించడం నిబంధనలకు విరుద్ధం. నీళ్ళు సంపులోకి దిగి, అక్కడి నుంచి ట్యాంకుకు ఎక్కే ఏర్పాటు ఉందో లేదో ఇల్లు చూసినప్పుడే గమనించుకోవాలి.

ప్రశ్న: ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు పేరుతో అడ్వాన్సులో సగం పట్టుకున్నారు. మూడేళ్ళున్నాం. గోడకు రెండు మేకులు తప్ప ఏమీ కొట్టలేదు. ఏం చేయగలం?
— ఒక పాఠకుడు, ఇస్లాంపేట

సమాధానం: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి గాని, మామూలు వాడకంలో జరిగే అరుగుదల ఆ లెక్కలోకి రాదు. మూడేళ్ళలో సున్నం వెలిసిపోవడం అలాంటి అరుగుదలే. అయితే ఒప్పందంలో రంగుల ఖర్చు మీదేనని రాసి ఉంటే మీరు దానికి కట్టుబడినవారవుతారు కనుక ముందు ఆ కాగితం తీసి చూడండి. అలా లేకపోతే, ఎంత పట్టుకున్నారో, దేనికి పట్టుకున్నారో బిల్లులతో సహా చూపమని రాతపూర్వకంగా అడగండి. ఉత్తరం చేతికి అందేసరికే చాలామంది మెత్తబడతారు. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. అది నమూనా మాత్రమే కాబట్టి దాన్ని చూపి ఓనరును నిలదీయలేరు గాని, కొత్త ఇంటికి బేరమాడేటప్పుడు మాత్రం పనికొస్తుంది.

ఇప్పుడు మారిన ఇంట్లోనైనా సామాను దించే ముందే గోడలు, కుళాయిలు, స్విచ్చులు, బాత్‌రూమ్ తలుపు అడుగు భాగం (తడికి మొదట ఉబ్బేది అదే) ఫోన్‌లో ఫోటోలు తీసి ఓనరుకు పంపండి.

ప్రశ్న: మాది బ్రాహ్మణ వీధిలో పాత డాబా. మేడ మీద పోర్షన్‌లో ఆరేళ్ళుగా ఒకే కుటుంబం ఉంటోంది. రాతకోతలేమీ లేవు. మా అబ్బాయి పెళ్ళి కుదిరింది, పోర్షన్ మాకు కావాలి. నాలుగు నెలల నుంచి చెబుతున్నా వాళ్ళు కదలడం లేదు. కరెంటు, నీళ్ళు ఆపేస్తే వాళ్ళే పోతారని బంధువులు సలహా ఇస్తున్నారు.
— ఒక ఇంటి యజమాని

సమాధానం: ఆ సలహా వినకండి. ఇప్పటివరకు న్యాయం మీ వైపు ఉంది. కరెంటు తీసేసిన రోజున అది వాళ్ళ వైపు తిరుగుతుంది. చట్టప్రకారం కాకుండా బలవంతంగా ఖాళీ చేయించబడిన వ్యక్తి ఆరు నెలల్లోగా దావా వేసి, హక్కు ఎవరిదన్న చర్చ లేకుండానే ఇంటి స్వాధీనాన్ని తిరిగి పొందే అవకాశం 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షన్ కల్పిస్తోంది. పెళ్ళి పందిరి వేసిన ఇంట్లో అటువంటి పరిస్థితి ఎంత ఇబ్బందో మీకే తెలుసు.

కాగితం లేకపోయినా నెలనెలా అద్దె తీసుకుంటున్నారు కాబట్టి అది నెలవారీ కౌలుగానే పరిగణింపబడుతుంది. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటి మాటగా నాలుగు నెలలు చెప్పినా చట్టం దృష్టిలో అది నోటీసు కాదు. నోటీసు మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత ఏ చట్టం కింద, ఎక్కడ వేయాలో న్యాయవాదిని అడిగి నిర్ణయించుకోండి. అంతవరకూ వెళ్ళే ముందు, చివరి రెండు నెలల అద్దె వదిలేస్తామని, అడ్వాన్సు సామాను ఎత్తిన రోజే చేతిలో పెడతామని చెప్పి చూడండి. ఆరేళ్ళుగా ఉన్నవాళ్ళు కదలకపోవడానికి కారణం చాలాసార్లు మొండితనం కాదు, ఈ అద్దెకు ఈ పేటలో ఇంకో ఇల్లు దొరకకపోవడమే. తెలిసినవారి ఇల్లు ఒకటి చూపించగలిగితే నోటీసుకంటే ముందే పని జరగవచ్చు. కొత్తగా అద్దెకిచ్చేటప్పుడు అగ్రిమెంటు తప్పక రాయించుకోండి. ఏడాదికి మించిన కౌలుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుకనే అందరూ 11 నెలలకు రాసుకుంటారు.

ప్రశ్న: నేను వస్త్రలత బట్టల మార్కెట్‌లో గుమస్తాను. పెళ్ళయి రెండు నెలలైంది. మూడు ఇళ్ళు చూశాం: శివాలయం వీధి దగ్గర సందులో బట్టల గోడౌను పైన ఒక పోర్షన్, చిట్టినగర్ వైపు కొండ మెట్ల మీద ఒకటి, అజిత్‌సింగ్‌నగర్‌లో కింది అంతస్తు ఒకటి. మూడో దాని అద్దె తక్కువ. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు

సమాధానం: అద్దె తక్కువని సింగ్‌నగర్ వైపు మొగ్గేముందు ఆ ఇంటి గోడ మీద 2024 సెప్టెంబరు నాటి నీటి గుర్తు ఎంత ఎత్తున ఉందో ఇరుగుపొరుగును అడగండి. ఆ నెల మొదట్లో బుడమేరుకు గండ్లు పడి నీళ్ళు రోజుల తరబడి నిలిచినప్పుడు కింది అంతస్తులవాళ్ళు ఫ్రిజ్జులు, పరుపులు, పిల్లల సర్టిఫికెట్లు పోగొట్టుకున్నారు. అక్కడే మొదటి అంతస్తు దొరికితే నేను అభ్యంతరం చెప్పను. రోజూ రానూపోనూ పెట్రోలు, ఫ్లైఓవరు మీద ట్రాఫిక్కు మాత్రం అద్దెలో కలిపి లెక్క వేసుకోండి.

కొండ మీది ఇంటికి గాలీ వెలుతురూ బాగుంటాయి, అద్దె కూడా అందుబాటులో ఉంటుంది. కాని గ్యాస్ బండ, బియ్యం బస్తా, జ్వరమొచ్చిన మనిషి అందరూ ఆ మెట్ల మీదుగానే ఎక్కి దిగాలి. నీళ్ళు ఆ ఎత్తుకు ఏ వేళ ఎక్కుతాయో ఓనరును కాదు, మెట్ల మీద బిందెతో కనబడిన ఇల్లాలిని అడగండి. 2024 ఆగస్టు చివర మొగల్రాజపురంలో కొండ రాళ్ళు జారిపడి ప్రాణాలు పోయిన సంగతి మరువరాదు. ఇంటి వెనక కొండను చదును చేయడానికి నిట్టనిలువుగా తొలిచి ఉంటే, అడ్డుగోడ ఎంత బాగున్నా ఆ ఇల్లు వద్దు.

సందులోని పోర్షన్ మీ కొట్టుకు దగ్గర, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. నా ఓటు దానికే, అయితే ఒక షరతు మీద. కింద ఉన్నది బట్టల గోడౌను కనుక నిప్పంటుకుంటే పొగ నేరుగా మెట్లలోకే వస్తుంది. దిగడానికి రెండో దారి గాని, పక్క డాబా మీదికి దాటే వీలు గాని ఉండాలి. డాబా తలుపుకు రాత్రిపూట తాళం వేసి తాళంచెవి ఓనరు దగ్గర పెట్టుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ తాళంచెవి మీకూ ఒకటి ఇస్తేనే ఒప్పుకోండి. కిటికీలన్నిటికీ ఊచలు బిగించి, ఫైరింజను రాలేని సందులో ఒక్కటే మెట్ల దారి ఉంటే అద్దె సగానికి తగ్గించినా వదిలేయండి.

ఇల్లు పగలు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడండి. సరుకు దింపే బళ్ళ మోత అప్పుడే తెలుస్తుంది. దసరా పది రోజులూ, డిసెంబరు ప్రాంతంలో భవానీ దీక్షల విరమణప్పుడూ ఆ చుట్టుపక్కల రాకపోకల ఆంక్షలుంటాయి. చిరునామా ఉన్న కాగితం జేబులో పెట్టుకుంటే బారికేడ్ల దగ్గర మాట తేలికవుతుంది. బండి ఎక్కడ పెట్టాలో కూడా అడ్వాన్సు ఇవ్వకముందే చూపించమనండి. ‘ఎక్కడో ఒకచోట పెట్టుకోవచ్చులెండి’ అన్నారంటే చోటు లేదని అర్థం.

ప్రశ్న: టు-లెట్ బోర్డు చూసి వెళితే ముందు ‘మీరేమిట్లు?’ అని కులం అడుగుతున్నారు. చెప్పగానే ఇల్లు ఇచ్చేశామంటున్నారు. మర్నాడు చూస్తే బోర్డు అలాగే ఉంటోంది.
— ఒక పాఠకురాలు, గుంటూరు నుంచి బదిలీపై వచ్చిన ఉద్యోగిని

సమాధానం: అంటరానితనం కారణంగా ఒక ప్రాంతంలో నివాసాన్ని అడ్డుకోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. కాని ‘ఇచ్చేశాం’ అన్న మాట వెనక ఉన్న కారణాన్ని రుజువు చేయడం కష్టం. ఆ కష్టాన్నే వాళ్ళు అడ్డం పెట్టుకుంటున్నారు. కారణం నోటితో చెప్పినా, మెసేజీలో రాసినా దాన్ని భద్రపరచుకోండి, ఫిర్యాదుకు అదే ఆధారం. ఈలోగా తల దాచుకోవడానికి ఇల్లు కావాలి కదా. మీ కార్యాలయంలో ఈమధ్య బదిలీ అయి వెళ్ళినవారు ఖాళీ చేసిన ఇళ్ళ గురించి వాకబు చేయండి. ఉద్యోగుల చేతులు మారుతూ వచ్చిన పోర్షన్లలో ఓనర్లు సాధారణంగా జీతం తారీకు తప్ప మరొకటి అడగరు.