మండపం చుట్టూ ఉన్న స్థలాన్ని పార్కుగా నిలబెట్టుకోవడం ఎలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరలో ఉన్న పల్లె. ఊళ్లో జమీందారీ కాలం నాటి రాతి మండపం, పక్కనే చెరువు, చుట్టూ ఎకరంన్నర దాకా ఖాళీ స్థలం ఉన్నాయి. కొన్నేళ్ల క్రితం అక్కడ పార్కు కడతామని శంకుస్థాపన చేసి రాయి పాతారు. ఇప్పుడు అదే స్థలంలో దుకాణాల గదులు కట్టి అద్దెకిస్తామని పంచాయతీ వారు అంటున్నారు. ఒక మూల రెండు పేద కుటుంబాలు గుడిసెలు వేసుకుని ఉంటున్నాయి. మండపాన్ని పురావస్తు శాఖకు అప్పగిస్తే చుట్టుపక్కల ఇళ్లన్నీ పోతాయని కొందరు భయపెడుతున్నారు. స్థలాన్ని పార్కుగా, మండపాన్ని చారిత్రక కట్టడంగా కాపాడుకోవడానికి మేము ఏం చేయాలి?

సమాధానం: శంకుస్థాపన రాయి వల్ల ఆ స్థలం పార్కు అయిపోదు. సభలో ఇచ్చిన హామీకైనా, పత్రికలో వచ్చిన వార్తకైనా అంతే విలువ. ప్రభుత్వ స్థలం ఫలానా ప్రజావసరానికి ప్రత్యేకించబడిందని చెప్పగలిగేది రెవెన్యూ రికార్డు ఒక్కటే కనుక, ముందుగా ఆ ప్లాటు ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) నకలు తీసుకోండి. ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో గ్రామం పేరు, ప్లాటు నంబరు ఇస్తే వివరాలు కనిపిస్తాయి గానీ, కోర్టులో పనికివచ్చేది తహసీల్ కార్యాలయం ఇచ్చే ధ్రువీకృత నకలు మాత్రమే. అందులో రెండు విషయాలు చూడాలి. మొదటిది ఆ ప్లాటు ఏ ఖాతాలో ఉందన్నది: ప్రభుత్వ ఖాతాలోనా, రఖిత (ప్రత్యేకించిన) ఖాతాలోనా, సర్వసాధారణ (ఉమ్మడి) ఖాతాలోనా, లేక ఎవరైనా వ్యక్తి పేరనో దేవుడి పేరనో ఉందా అని. రెండవది కిసం, అంటే భూమి రకం. చెరువుకు, మండపానికి, ఖాళీ స్థలానికి వేర్వేరు ప్లాటు నంబర్లు ఉండటం మామూలే కాబట్టి మూడింటినీ విడివిడిగా చూడండి. కిసం జంగల్ అని ఉంటే పార్కు కట్టడానికి కూడా 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి అవసరం కావచ్చు.

మీ వైపు పెద్దల దగ్గర మద్రాసు కాలం నాటి తెలుగు కాగితాలు ఇప్పటికీ భద్రంగా ఉంటాయి. వాటిని పారవేయకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం ఒడిశాలో చేరింది. ఆ తరువాత 1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం కింద జమీందారీ భూములు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. అయితే జమీందారు సొంత నివాసాలు, కొన్ని కట్టడాలు ఆయనకే మిగిలేలా ఆ చట్టంలోనే ఏర్పాటు ఉంది. అందువల్ల మీ మండపం ప్రభుత్వానిదా, జమీందారు వారసులదా, దేవస్థానానిదా అన్నది ఊహతో తేల్చరాదు. అది దేవస్థానం ఆస్తి అయితే 1951 నాటి ఒడిశా హిందూ ధర్మాదాయ చట్టం కింద కమిషనరు ముందస్తు అనుమతి లేకుండా ఎవరికీ బదిలీ చేయడానికి వీల్లేదు, అది మీకు అదనపు రక్షణ అవుతుంది. పాత కాగితంలోని సర్వే నంబరు ఇప్పటి ఏ ప్లాటుకు సరిపోతుందో అమీన్ (భూమి కొలిచే ఉద్యోగి) చేత కొలిపించి రాతపూర్వకంగా తీసుకోండి. ఖతియాన్‌లోని నమోదును, తప్పని రుజువయ్యే వరకు, సరైనదిగానే కోర్టు భావిస్తుంది కనుక పాత కాగితం ఎంత బలమైనదైనా ఈ లంకె లేకుండా నిలబడదు.

స్థలం ప్రభుత్వ ఖాతాలో ఉంటే, 1962 నాటి ఒడిశా గవర్నమెంట్ ల్యాండ్ సెటిల్‌మెంట్ చట్టం కింద దానిని ప్రజల ఉమ్మడి అవసరానికి ప్రత్యేకించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఇందుకు తొలి అడుగు పల్లీ సభ (ఊరి ఓటర్ల సభ) తీర్మానం. తీర్మానంలో ‘పార్కు కావాలి’ అని ఊరుకోకుండా ప్లాటు నంబర్లు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, కోరుతున్న కిసం స్పష్టంగా రాయించి, హాజరైన వారి సంతకాలతో తహసీల్దారుకు, సబ్ కలెక్టరుకు, కలెక్టరుకు పంపి రసీదులు తీసుకోండి. రికార్డు మారిన తరువాత కొత్త ఖతియాన్ నకలు చేతికి వచ్చేదాకా పని పూర్తయిందని అనుకోవద్దు. ఆదేశం వెలువడి కూడా రికార్డులో ఎక్కకుండా ఫైలులోనే ఉండిపోయిన స్థలాలే తరువాత వివాదాల్లో చిక్కుకుంటాయి.

ఇక దుకాణాల సంగతి. ఉమ్మడి స్థలం పంచాయతీకి దఖలు పడి ఉండవచ్చు. అంతమాత్రాన పంచాయతీ దానికి సొంతదారు కాదు, ఊరి తరఫున ధర్మకర్త మాత్రమే. ఈ విషయంలో సుప్రీంకోర్టు తీర్పులు మీకు గట్టిగా తోడ్పడతాయి. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో, పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడాన్ని కోర్టు కొట్టివేసింది. ఆసుపత్రి కూడా ప్రజలకు ఉపయోగపడేదే కదా అన్న వాదనను అంగీకరించలేదు. 1999లో లక్నో ఝండేవాలా పార్కు కేసు మీ సమస్యకు మరీ దగ్గరగా ఉంటుంది. అక్కడ నగరపాలక సంస్థే పార్కు కింద భూగర్భ దుకాణ సముదాయం కట్టించబోతే, ఆ పార్కుకున్న చారిత్రక ప్రాధాన్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, కట్టిన భాగాన్ని తొలగించి పార్కును పునరుద్ధరించమని కోర్టు ఆదేశించింది. గ్రామాల విషయంలో 2011 జనవరి 28న వెలువడిన జగ్‌పాల్ సింగ్ తీర్పు ముఖ్యమైనది. ఊరి చెరువు స్థలాన్ని ఆక్రమించి కట్టుకున్న వారికి డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించడం చెల్లదని చెబుతూ, ఉమ్మడి భూముల్లోని అక్రమ ఆక్రమణలను తొలగించే పథకాలు సిద్ధం చేయమని అన్ని రాష్ట్రాలనూ అందులో ఆదేశించారు. పంచాయతీకి ఆదాయం రావాలన్నది న్యాయమైన కోరికే. దానికి వేరే ప్లాటు చూపమని మీరే తీర్మానంలో సూచిస్తే మీ మాటకు బలం పెరుగుతుంది.

మండపం విషయంలో రెండు దారులున్నాయి. కనీసం 100 ఏళ్లుగా ఉండి, జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాన్ని 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించవచ్చు. గంజాం జిల్లా జౌగడలోని అశోకుని శిలాశాసనం అలా కేంద్ర రక్షణలో ఉన్నదే. ఆ స్థాయి లేని కట్టడాల కోసం 1956 నాటి ఒడిశా ప్రాచీన కట్టడాల చట్టం ఉంది, దాని కింద రాష్ట్ర ప్రభుత్వం రక్షణ ప్రకటిస్తుంది. నాకు తోచినంతలో మీ మండపానికి రాష్ట్ర రక్షణ కోరడమే సరైనది. మీ ఊరి వారి భయం కేంద్ర చట్టానికి 2010లో జరిగిన సవరణ నుంచి పుట్టింది. దాని ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకుని కట్టాలి. ఈ హద్దులు రాష్ట్ర రక్షిత కట్టడాలకు వర్తించవు. కేంద్ర రక్షణ వచ్చినా కూడా పక్క ఇళ్ల యాజమాన్యం పోదు. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పైగా కేంద్రం ప్రకటనకు ముందు రెండు నెలల నోటీసు ఇచ్చి, దాని ప్రతిని కట్టడం దగ్గరే అంటించి, అభ్యంతరాలు వినాలి. భయపడుతున్న వారిని కూర్చోబెట్టి ఈ సంగతి వివరించండి. వారు మనస్ఫూర్తిగా ఒప్పుకోకుండా చేసిన తీర్మానం మొదటి అభ్యంతరానికే బలహీనపడుతుంది.

గుడిసెల్లోని రెండు కుటుంబాలను దుకాణాలు కట్టేవారితో ఒకే గాటన కట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. 1972 నాటి ఆక్రమణల నిరోధక చట్టం కింద తహసీల్దారు వారిని ఖాళీ చేయించగలరు, కానీ ముందు నోటీసు ఇచ్చి సమాధానం వినాలి. వారికి వేరే ఇంటి స్థలం లేకపోతే వసుంధర పథకం కింద స్థలం ఇవ్వమని మీ పల్లీ సభ తీర్మానంలోనే చేర్చండి.

మీ ఊరు గుమ్మా బ్లాకులో గాని, గజపతి జిల్లాలోనే ఉన్న రాయగడ బ్లాకులో గాని ఉంటే (రాయగడ జిల్లాతో దీనికి సంబంధం లేదు), అది షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం) కూడా వర్తిస్తుంది, గ్రామసభ మాటకు మరింత విలువ ఉంటుంది.

ఈలోగా దుకాణాలకు ఏ తీర్మానం మీద, ఏ నిధులతో, ఎవరి అనుమతితో పూనుకున్నారో తెలపమని సమాచార హక్కు చట్టం కింద ఫారం ‘ఎ’లో, 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. స్థలం ప్రజలకు దక్కకుండా అడ్డు కడితే తొలగింపు కోసం సబ్ కలెక్టరు కోర్టులో కొత్త నేర ప్రక్రియ సంహిత (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 152వ సెక్షను కింద అర్జీ వేయవచ్చు. కటక్‌లోని హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేసే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అయితే మీరు అధికారులకు పెట్టిన అర్జీల రసీదులు లేకుండా వెళితే ముందు వారినే అడగమని పంపవచ్చు. సివిల్ కోర్టులో ప్రభుత్వం మీద దావా వేయాలంటే మామూలుగా రెండు నెలల ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను నోటీసు ఇవ్వాలి. పునాదులు తవ్వడం మొదలైతే అంతదాకా ఆగనవసరం లేదు: అదే సెక్షను రెండవ ఉపసెక్షను కింద కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేసి, ప్రభుత్వ పక్షాన్ని విన్న తరువాత తాత్కాలిక ఉత్తర్వు ఇమ్మని కోరవచ్చు. అందుకు ఆ ప్లాటు ఖతియాన్ నకలు, అమీన్ కొలత కాగితం, తేదీతో సహా తీసిన ఫోటోలు మీ వకీలు చేతిలో సిద్ధంగా ఉండాలి.